దండలో ఒక్క పువ్వు మారితే



కడపలో ఉన్నా, కువైట్‌లో ఉన్నా మన ఇళ్లలో పప్పన్నం తప్పదు గదా! అన్నంలోకి పప్పు ఎందుకు కలుపుకుంటాం? రుచి కోసమే కాదు, దీనికి అమైనో ఆమ్లాలు కూడా కారణం. అవేమిటో ఈనాడు తెలుసుకుందాం.

మన కండరాలలో, చర్మంలో, రక్తంలో మాంసకృత్తులు ఉన్నాయి. మాంసకృత్తును పూలదండ అనుకుంటే, అందులోని పూలే అమైనో ఆమ్లాలు. ప్రతిదాని నడుమ ఒక కర్బన పరమాణువు ఉంటుంది. దానికి నాలుగు చేతులున్నాయనుకోండి. ఒక చేత నత్రజని గల అమైనో సమూహం, రెండో చేత కార్బాక్సిల్ సమూహం, మూడో చేత ఉదజని ఉంటాయి. నాలుగో చేత పట్టుకున్నదాన్ని బట్టి వీటికి వేరువేరు పేర్లు, వేరువేరు గుణాలు వస్తాయి. మాంసకృత్తులలో సాధారణంగా ఇవి 20 రకాలు.

అమైనో సమూహానిది క్షారగుణం, కార్బాక్సిల్ సమూహానిది ఆమ్లగుణం. అందుచేత అమైనో ఆమ్లం ఆమ్లాలతోనూ, క్షారాలతోనూ చర్య జరుపుతుంది. ఒకదాని కార్బాక్సిల్ సమూహం మరొకదాని అమైనో సమూహంతో కలిసినప్పుడు ఒక నీటి అణువు వెలువడుతుంది. ఆ ముడిని పెప్టైడ్ బంధం అంటారు.

ఈ 20లో తొమ్మిదింటిని మన శరీరం తయారుచేసుకోలేదు. అవి ఆహారం నుంచే రావాలి. బియ్యంలో లైసిన్ తక్కువ, పప్పులో ఎక్కువ. పప్పులో మిథియోనిన్ తక్కువ, ఆ లోటును బియ్యం తీరుస్తుంది.

మరి దండలో ఒక్క పువ్వు మారితే? రక్తంలోని హీమోగ్లోబిన్‌లో 146 అమైనో ఆమ్లాల గొలుసు ఒకటుంది. దానిలో ఆరోది గ్లుటామిక్ ఆమ్లం. కొందరికి పుట్టుకతోనే ఆ చోట వేలిన్ ఉంటుందని 1957లో వెర్నన్ ఇంగ్రామ్ అనే శాస్త్రజ్ఞుడు తేల్చాడు. గ్లుటామిక్ ఆమ్లం నీటితో కలుస్తుంది, వేలిన్ నూనెవలె నీటికి దూరంగా ఉంటుంది. అందువల్ల ప్రాణవాయువు తగ్గినప్పుడు హీమోగ్లోబిన్ అణువులు ఒకదానికొకటి అంటుకుంటాయి. గుండ్రని రక్తకణం కొడవలిలా వంగి, సన్నని నాళాలలో చిక్కుకుంటుంది. భరించలేని నొప్పి వస్తుంది.

ఈ కొడవలి కణవ్యాధి కువైట్‌లోనూ ఉంది, మన మన్యం ప్రాంతాలలోనూ ఉంది. ఒంట్లో నీరు తగ్గితే నొప్పి రావచ్చు. కువైట్‌లోని మిత్రిబాలో 2016 జూలై 21న 53.9 డిగ్రీల ఎండ కాసింది. ఇటువంటి చోట ఆ రోగులకు మంచినీరు మందుతో సమానం.

ఇది అంటువ్యాధి కాదు, తల్లిదండ్రులిద్దరి నుంచీ సంక్రమించేది. మీ తరగతిలో అటువంటి నేస్తం ఉంటే దూరంగా ఉండకండి. పక్కనే కూర్చోండి, నీళ్ల సీసా అందించండి.