‘సీమవాళ్ళ స్వభావం’ – మనస్తత్వ పరిశోధనలు, మన కాలువ పల్లెలు

(విశ్రాంత ఉద్యోగుల సంఘం సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కరువు భత్యం బకాయిల గూర్చి, వైద్య ఖర్చుల బిల్లుల గూర్చి కార్యదర్శిగారు వివరంగా చెప్పారు. నాకు అప్పగించిన విషయం వేరు. మనిషి ప్రవర్తనకు కారణం అతని లోపల ఉందా, అతని చుట్టూ ఉందా అన్నది ఆ విషయం. నేను మనస్తత్వ శాస్త్రం చదివినవాణ్ణి కాను. ముప్పై నాలుగేళ్ళు ఫైళ్ళతో కాలం గడిపిన గుమాస్తాను. మనవరాలు ఎం.ఏ.లో సైకాలజీ తీసుకున్నందువల్ల ఆ పుస్తకాలు నా చేతికి వచ్చాయి. పనిలేని ముసలివాడికి పుస్తకం దొరికితే ఏమవుతుందో మీకు తెలుసు.

ఈ విషయం మనకెందుకు అంటారేమో. మన పిల్లలు హైదరాబాదులోనో బెంగుళూరులోనో హాస్టల్లో చేరగానే, ‘ఏ ఊరు?’ అన్న ప్రశ్నకు కడప అనో కర్నూలు అనో చెబితే, ‘అయ్యో, బాంబులు తెచ్చావా?’ అని నవ్వుతారు. సినిమాలు నేర్పిన నవ్వు అది. పిల్లలు కూడా నవ్వి ఊరుకుంటారు. కానీ కొన్నాళ్ళకు వాళ్ళే ‘మావాళ్ళు అంతేలే, కోపం ఎక్కువ’ అనడం మొదలుపెడతారు. నాకు బాధ కలిగించేది ఆ రెండవ మాట. మనం మాత్రం తక్కువ తిన్నామా? ‘ఆ ఊరివాళ్ళ గుణమే అంత’ అని పక్క ఊరిని అనని ఊరు మన జిల్లాల్లో ఉందా?

పుస్తకాల్లో ‘మనిషి ఇలా ప్రవర్తిస్తాడు’ అని వ్రాసినప్పుడు ఏ మనిషిని చూసి వ్రాశారన్నది ముందు అడగాలి. ఆర్నెట్ అనే అమెరికా ఆచార్యుడు 2008లో ఈ లెక్క తీశాడు. అక్కడి ప్రముఖ పత్రికల్లో 2003 నుండి 2007 వరకు వచ్చిన పరిశోధనల్లో పాల్గొన్నవారిలో నూటికి 96 మంది పాశ్చాత్య పారిశ్రామిక దేశాలవారే. ఆ దేశాల జనాభా ప్రపంచంలో నూటికి 12 మాత్రమే. ఒక పేరున్న పత్రికలోనైతే, అమెరికాలో జరిగిన పరిశోధనల్లో మూడింట రెండు వంతులు సైకాలజీ చదివే కాలేజీ విద్యార్థుల మీద చేసినవే. ఆచార్యుడికి చేతికందేది తన తరగతిలోని పిల్లలే కదా. మన సర్వేలో ఒక వీధి తిరిగి తాలూకా అంతటికీ నివేదిక పంపినట్లన్నమాట!

ఆ దారి వదిలి మన దగ్గరికి వచ్చిన ఆమె జోన్ మిల్లర్. ఆమె షికాగోలోనూ, మైసూరులోనూ పెద్దలను, 8, 11, 15 ఏళ్ళ పిల్లలను ప్రశ్నించి 1984లో ప్రకటించారు. ఎవరైనా చేసిన ఒక మంచి పని, ఒక చెడ్డ పని చెప్పించి, ‘అలా ఎందుకు చేశాడు?’ అని అడిగారు. మైసూరులో విన్న ఒక సంగతి ఇది: ఒక వకీలు మోటారు సైకిలు మీద వెళుతుండగా ప్రమాదం జరిగి వెనుక కూర్చున్నవాడు పడిపోయాడు. వకీలు అతణ్ణి ఆసుపత్రిలో చేర్చి, డాక్టరుతో మాట్లాడకుండానే కోర్టుకు వెళ్ళిపోయాడు. ఆ మనిషి చనిపోయాడు. అమెరికావారు ఇటువంటి వాటికి ‘వాడు బాధ్యత లేనివాడు’ అన్నారు. మైసూరువారు ‘కోర్టులో కక్షిదారు ఎదురుచూస్తుంటాడు, పైగా కంగారుపడి ఉంటాడు’ అన్నారు. మొదటివారు మనిషి గుణాన్ని పట్టుకున్నారు, రెండవవారు అతడున్న పరిస్థితిని పట్టుకున్నారు. నన్ను ఆకట్టుకున్నది మరొకటి. ఎనిమిదేళ్ళ పిల్లల్లో రెండు ఊళ్ళకూ పెద్ద తేడా లేదు. వయస్సు పెరిగేకొద్దీ తేడా పెరిగింది. అంటే అది పుట్టుకతో వచ్చింది కాదు. ఇంట్లో, వీధిలో పెద్దల మాటలు విని నేర్చుకున్నది.

ఇక మాట సంగతి. ‘నేను ఎవరు?’ అని ఇరవై వాక్యాలు వ్రాయించే పరీక్ష ఒకటి అమెరికాలో 1954 నుండి ఉంది. మనవరాలు ఆ కాగితం నాకూ ఇచ్చింది. ‘నేను రిటైర్డు సీనియర్ అసిస్టెంటును’ అని మొదలుపెట్టి, ఫలానావారి కుమారుణ్ణి, ఫలానా ఊరివాణ్ణి, ముగ్గురు పిల్లల తండ్రిని అని వ్రాసుకుపోయాను. తొమ్మిదో వాక్యం దాకా నా గుణం ఒక్కటీ రాలేదు. ‘తాతా, ఇందులో నువ్వెక్కడ?’ అని ఆమె ప్రశ్న. ఇంకెక్కడ ఉంటానమ్మా, అందులోనే ఉన్నాను అన్నాను.

అయితే ఇటువంటి పరీక్షలను ఇంగ్లీషు నుండి తెచ్చేటప్పుడు ఒక చిక్కు ఉంది. ఇంగ్లీషులో ‘మేము’కూ ‘మనము’కూ ఒకటే మాట. మనకు రెండు. కాలువల కార్యాలయంలో నేను చూసిన వేలాది అర్జీల్లో ‘మేము చివరి ఆయకట్టు రైతులము’ అని ఉండేదే తప్ప, ‘మనము’ అన్నది ఒక్కటీ లేదు. అర్జీదారు గుమాస్తాను తనలో కలుపుకోడు. ఎవరు లోపల, ఎవరు బయట అన్నది మన సర్వనామంలోనే తేలిపోతుంది.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. టాల్‌హెల్మ్ అనే పరిశోధకుడు చైనాలో ఆరుచోట్ల 1,162 మంది విద్యార్థులను పరీక్షించి 2014లో ఒక సిద్ధాంతం ప్రకటించాడు. గోధుమ పండే ఉత్తరాదిలో ‘నేను’ ఎక్కువ, వరి పండే దక్షిణాదిలో ‘మనము’ ఎక్కువ అని. పరీక్ష చాలా తేలిక. రైలు, బస్సు, రైలు పట్టాలు – వీటిలో ఏ రెండింటికి జత? రైలు, బస్సు ఒక జాతి అన్నవారు గోధుమ సీమలో ఎక్కువ. రైలుకు పట్టాలతోనే పని అన్నవారు వరి సీమలో ఎక్కువ. ఇంకొకటి, తనకూ స్నేహితులకూ గుండ్రాలు గీయమనడం. గోధుమ ప్రాంతంవారు తమ గుండ్రాన్ని సగటున ఒకటిన్నర మిల్లీమీటరు పెద్దగా గీశారు. వరి ప్రాంతంవారు సమానంగా గీశారు. ఇంతకుముందు ఇదే పరీక్షలో అమెరికావారు ఆరు మిల్లీమీటర్లు పెంచుకున్నారట!

కారణం ఏమిటంటే, వరికి నీళ్ళు కావాలి, నాట్లకు కూలీలు కావాలి. పై మడివాడు వదిలితేనే కింది మడివాడికి పారకం. ఇష్టం ఉన్నా లేకపోయినా కలిసి ఉండాలి. ఉత్తరాదికీ దక్షిణాదికీ ఇంకా వంద తేడాలుంటాయి కదా అని కొందరు పండితులు ఆక్షేపించారు. ఆక్షేపణ న్యాయమైనదే. అందుకే 2024లో మరొక పరిశోధన వచ్చింది. నింగ్‌సియా ప్రాంతంలోని రెండు ప్రభుత్వ క్షేత్రాల్లో, ఒకచోట వరికి, ఒకచోట గోధుమకు ప్రభుత్వమే మనుషులను కేటాయించింది. అక్కడ కూడా వరి రైతుల్లోనే ‘మనము’ ఎక్కువ కనిపించింది.

ఇది చదవగానే నాకు మన కె.సి. కెనాల్ గుర్తుకు వచ్చింది. సుంకేసుల దగ్గర తుంగభద్ర నుండి మొదలై కడప దాకా 306 కిలోమీటర్లు. ఒక గట్టున వరి, గట్టు దాటితే జొన్న, కొర్ర, వేరుశనగ. 1860లలో మద్రాసు ఇరిగేషన్ కంపెనీ దీన్ని తవ్వించింది. నీళ్ళు అమ్మి లాభం తీయవచ్చని వారి లెక్క. మన నల్లరేగడి రైతులు వారు అనుకున్నంత నీరు తీసుకోలేదు. చివరకు 1882లో ప్రభుత్వమే కొనవలసి వచ్చింది. సీమ రైతు మొండివాడని ఎవరైనా అనవచ్చు. రేగడిలో వానకే జొన్న పండుతుంటే నీటి తీరువ కట్టి వరి ఎందుకు వేయాలన్నది రైతు లెక్క. గుణం కాదు, గణితం.

మరి వరి పండే ఊళ్ళన్నీ ఒకటేనా? దీనికి జవాబు మన పాత కర్నూలు జిల్లాలోనే ఉంది. రాబర్ట్ వేడ్ అనే ఆయన ఇక్కడ 31 కాలువ పల్లెలను, 10 మెట్ట పల్లెలను పరిశీలించి 1988లో ‘విలేజ్ రిపబ్లిక్స్’ అనే గ్రంథం ప్రకటించారు. ఆయన మనస్తత్వ శాస్త్రజ్ఞుడు కాదు, పరీక్ష కాగితాలు పంచలేదు. ఊళ్ళలో ఏం జరుగుతున్నదో చూశారు. కొన్ని ఊళ్ళలో సర్కారు పంచాయితీతో సంబంధం లేని ఊరుమ్మడి పెద్దల సభ ఉంది, ఉమ్మడి నిధి ఉంది. కోసిన పొలాల్లో గొర్రెల మందలు మేపుకునే హక్కును వేలం వేసి ఆ నిధి కూడబెట్టారు. ఆ డబ్బుతో పైరు కావలికి, ఊరు తరఫున మళ్ళకు నీళ్ళు పారించడానికి మనుషులను పెట్టారు. కొద్ది మైళ్ళ దూరంలో, అవే కులాలు, అదే భాష, అవే పండుగలు ఉన్న ఊళ్ళో ఇదేమీ లేదు.

తేడా ఎక్కడ? ఎక్కువగా నీటి దారి చివర ఉన్న ఊళ్ళు కట్టుబాటు చేసుకున్నాయి. తూముకు దగ్గరగా, నీటికి ఇబ్బంది లేని ఊళ్ళు చేసుకోలేదు. కలవకపోతే పంట ఎండుతుందన్నచోట కలిశారు. సంస్కృతి ఒకటే అయినా ప్రవర్తన రెండు విధాలుగా ఉంది. చైనా సిద్ధాంతానికి ఇది పూర్తి విరుద్ధం కాదుగాని, ‘వరి’ అనే ఒక్క మాటతో సరిపెట్టరాదని మాత్రం చెబుతుంది. పగలూ ప్రతీకారాలూ తప్ప మరేమీ తెలియదని సినిమాలు చూపించే జిల్లాలోనే, ఎవరూ ఆజ్ఞాపించకుండా ఈ ఏర్పాట్లు జరిగాయి. 1997లో ప్రభుత్వం చట్టం చేసి నీటి వినియోగదారుల సంఘాలు పెట్టడానికి ఎన్నో ఏళ్ళ ముందు మాట ఇది. ఈ పుస్తకం ఇంగ్లండులో, అమెరికాలో చదువుతారు. మన కాలేజీ పిల్లల్లో దీని పేరు విన్నవారు నాకు ఒక్కరూ తగల్లేదు.

ఇక మన ఇళ్ళల్లో మాట. ‘ఈ కాలం పిల్లలకు నేను, నేను అనడం ఎక్కువైంది’ అని మనలో చాలామంది ఫిర్యాదు. నిజమే కావచ్చు. వాడికి జీతం ఒక్కడికే వస్తుంది, అద్దె ఒక్కడే కడతాడు, ఉద్యోగం పోతే ఒక్కడికే పోతుంది. వాడి మడికి పై మడివాడు లేడు. నీటికి కొదవలేని ఊరివాడు సభ పెట్టలేదని మనం తప్పుపట్టామా?

కాలువల శాఖలో పనిచేసిన లస్కర్లు, వర్కు ఇన్‌స్పెక్టర్లు ఈ సభలో ఉన్నారు. పుస్తకం వ్రాసినాయన కంటే ఆ పల్లెలను ఎక్కువ తిరిగినవారు. చివరి ఆయకట్టులో ఇప్పటికీ ఊరుమ్మడిగా నీళ్ళు పారించే మనుషులు ఏ ఊళ్ళో ఉన్నారో, ఎక్కడ మానేశారో, ఎందుకు మానేశారో భోజనాల దగ్గర నాకు చెబితే వ్రాసిపెట్టుకుంటాను. నోటుబుక్కు తెచ్చుకున్నాను. సెలవు.