కువైట్ వెళ్ళే చెల్లెలికి ఏం చెప్పి పంపుదాం?

(నాంపల్లిలో మహిళా కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



పరాయి దేశంలో కుదురుకోవడం ఎలా అన్నది ఈ రోజు నాకిచ్చిన అంశం. అమెరికా, ఆస్ట్రేలియా వెళ్ళే పిల్లలకు ఈ సంగతులు చెప్పేవాళ్ళకు మన నగరంలో కొదవ లేదు. కోనసీమ నుంచి, రాజంపేట, రాయచోటి నుంచి, మన పాతబస్తీ నుంచి కువైట్‌కు ఇంటిపనికి వెళ్ళే ఆడవాళ్ళకు మాత్రం చెప్పేది ఏజెంటు ఒక్కడే. అందుకే నేను వాళ్ళ గురించే మాట్లాడతాను.

ముందుగా ఒక మాట. "వెళ్ళొద్దు" అనడం సలహా కాదు. మెడ మీద అప్పున్న మనిషికి, భర్త సంపాదన సారా పాలవుతున్న మనిషికి ఆ మాట ఎందుకూ పనికిరాదు. ప్రభుత్వమూ అదే మాట చట్టం భాషలో చెప్పింది. పదో తరగతి పాసుకాని స్త్రీలకు, 30 ఏళ్ళు నిండకపోతే, గల్ఫ్ దేశాల్లో పనికి అనుమతి లేదన్నారు. 2016 నుంచి ఇంటిపనికి ప్రభుత్వ సంస్థల ద్వారానే వెళ్ళాలన్నారు. అంటే ఆంధ్రలో ఓంక్యాప్, తెలంగాణలో టామ్‌కామ్. ఈ నిబంధనలు రక్షణ కోసం పెట్టినవే. కానీ అవి వలసను ఆపలేదు, దొడ్డిదారి పట్టించాయి. ఏజెంట్లు విజిట్ వీసా మీద విమానం ఎక్కిస్తున్నారు. అలా వెళ్ళిన మనిషికి కంట్రాక్టు ఉండదు, బీమా ఉండదు, పనికి వెళ్ళినట్టు మన ప్రభుత్వ రికార్డుల్లో కూడా ఉండదు. కాబట్టి వెళ్ళడమా మానడమా అన్నది ఆమె నిర్ణయం. తెలిసి వెళ్ళేలా చూడడం మన పని.

బయల్దేరే ముందు చెప్పాల్సినవి చూద్దాం. నాంపల్లి గృహకల్ప అనగానే పాతవాళ్ళకు వలసదారుల సంరక్షణాధికారి ఆఫీసు గుర్తొస్తుంది. 1983 వలస చట్టం కింద అనుమతి ఇచ్చే అధికారి ఆయనే. ఏజెంటుకు లైసెన్సు ఉందో లేదో ఈ-మైగ్రేట్ జాబితాలో చూడవచ్చు. ఆమెకు కుదరకపోతే మనం చూసిపెట్టాలి. లైసెన్సు ఉన్న ఏజెంటు తీసుకోదగిన గరిష్ఠ రుసుము 30,000 రూపాయలు, పైన జీఎస్టీ. రసీదు లేకుండా ఒక్క రూపాయి కూడా ఇవ్వకూడదు. అనుమతితో వెళ్ళేవాళ్ళకు ప్రవాసీ భారతీయ బీమా యోజన ఉంది. రెండేళ్ళకు 275 రూపాయలు కడితే, ప్రమాదంలో చనిపోయినా అంగవైకల్యం కలిగినా 10 లక్షలు వస్తాయి.

కాగితాలన్నీ మూడేసి జెరాక్సులు తీయించమనండి. అబిడ్స్‌లో పది నిమిషాల పని. పాస్‌పోర్టు, వీసా, కంట్రాక్టు, టికెట్టు – ఒక సెట్టు ఆమె దగ్గర, ఒకటి ఇంట్లో నమ్మకమైన మనిషి దగ్గర, ఒకటి మన సంఘం దగ్గర ఉండాలి. అబిడ్స్ పెద్ద పోస్టాఫీసు నుంచి ఇంటి సెట్టును స్పీడ్ పోస్టులో పంపించేస్తే దారిలో పోయే భయం ఉండదు. మందులు వాడుతుంటే డాక్టరు చీటీ వెంట ఉండాలి. ఇక్కడ మామూలుగా దొరికే కొన్ని నొప్పి మాత్రలు అక్కడ నేరం. ఎవరి పొట్లమూ చేత్తో పట్టుకెళ్ళకూడదు. ఎడారి కదా అని స్వెట్టరు మానేస్తారు. జనవరి రాత్రుళ్ళు అక్కడ గట్టిగా చలి వేస్తుంది.

ఇక చేరిన మొదటి వారం. నాంపల్లి స్టేషన్‌లో కోనసీమ మనిషి ఒకామె కలిసింది. ఆరు నెలల జీతం రావాలంది. ఎక్కడ పనిచేశావమ్మా అంటే "కువైట్‌లో" అంది. రెండేళ్ళు అంట్లు తోమిన ఇంటి చిరునామా ఆమెకు తెలియదు. యజమాని పూర్తి పేరు తెలియదు. ఫిర్యాదు రాద్దామంటే ఎవరి మీద రాయాలి? అందుకని మొదటి పని ఇదే: ఏరియా, బ్లాకు, వీధి, ఇంటి నంబరు కనుక్కోవాలి. అక్కడ భవనం గుమ్మం దగ్గర రేకు మీద ఒక నంబరు ఉంటుంది. అది చెబితే పోలీసులు ఆ ఇంటికి రాగలరు. పోలీసు నంబరు 112. కఫీల్ పేరు, ఫోను నంబరుతో సహా ఇవన్నీ వాట్సాప్‌లో ఇంటికి పంపాలి. రాయడం రాకపోతే ఫోటో తీసి పంపవచ్చు, మాటల్లో చెప్పి పంపవచ్చు.

నాలుగు అరబ్బీ మాటలు నేర్పి పంపండి. జవాజ్ అంటే పాస్‌పోర్టు, మాష్ అంటే జీతం, తాబానా అంటే ఒంట్లో బాగాలేదు, సఫారా అంటే రాయబార కార్యాలయం.

హక్కులు కూడా చెప్పాలి. కువైట్‌లో 2015 నాటి 68వ చట్టం ఇంటిపనివాళ్ళ కోసమే వచ్చింది. రోజుకు 12 గంటలకు మించి పని చేయించరాదు. వారానికొక సెలవు, ఏడాదికి 30 రోజుల జీతంతో సెలవు ఇవ్వాలి. ఆమె ఒప్పుకోకుండా పాస్‌పోర్టు దగ్గర పెట్టుకోరాదు. 2016లో కనీస జీతం 60 దినార్లు అన్నారు. నాలుగు గోడల మధ్య ఈ చట్టం దానంతటది నడవదని మనకు తెలుసు. అయినా తన హక్కు ఇదని తెలిసిన మనిషి అడిగే తీరు వేరుగా ఉంటుంది.

డబ్బు సంగతి. వెళ్ళేముందే బ్యాంకులో తన ఒక్కదాని పేరున ఖాతా తెరవాలి. ఇంటికి పంపేది పంపి, ప్రతి నెలా కొంత అందులో వేసుకోవాలి. పదేళ్ళు కష్టపడి తిరిగొచ్చేసరికి ఇల్లు భర్త పేరున, పొలం బావగారి పేరున ఉన్న కథలు మనకు కొత్త కాదు. జీతం అందిన తేదీ, మొత్తం నెలనెలా రాసుకోవడం మరవకూడదు.

కొట్టినా, తిండి పెట్టకపోయినా, చెయ్యి వేసినా ఆ ఇంట్లో ఉండనక్కరలేదు. అయితే బయటపడ్డాక ఎక్కడికి వెళుతుందన్నదే ముఖ్యం. తెలిసినవాళ్ళ గదికో, ఇంకో బ్రోకరు దగ్గరికో వెళితే, కఫీల్ పారిపోయిందని ఫిర్యాదు చేస్తాడు. ఆ రోజు నుంచి ఆమె "కల్లివెల్లి". వీధిలో పోలీసు కనబడితే గుండె దడ. 2018, 2020, 2024లలో కువైట్ క్షమాభిక్ష ప్రకటించింది. అది మళ్ళీ ఎప్పుడొస్తుందో తెలియకుండా ఎన్నేళ్ళు దాక్కుంటుంది? అందుకని నేరుగా భారత రాయబార కార్యాలయానికి వెళ్ళాలి, లేదా పోలీసుల దగ్గరికి వెళ్ళాలి. ఇక్కడ ఇంటివాళ్ళు "మదద్" పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టాలి. ఆ రోజుకే మన దగ్గర ఆ జెరాక్సు సెట్టు ఉండాలి.

వారానికొకసారి మాట్లాడే రోజు, వేళ ముందే అనుకోమనండి. కువైట్ గడియారం మనకంటే రెండున్నర గంటలు వెనక. రెండు వారాలు వరసగా ఫోను రాకపోతే ఇంటివాళ్ళు మన దగ్గరికి రావాలి. ఏజెంటు గడప దగ్గర కూర్చోవడం కాదు.

ఇంటిపని కూడా పనేనని 2011లో అంతర్జాతీయ కార్మిక సంస్థ 189వ ఒప్పందంలో ఒప్పుకుంది. మన దేశం దాన్ని ఇంకా ఆమోదించలేదు. ఆ పోరాటం మానొద్దు. కానీ అది గెలిచేదాకా రేపు బయల్దేరే చెల్లెలు ఆగదు. మీ మీ గ్రామాల్లో, బస్తీల్లో పాస్‌పోర్టుకు దరఖాస్తు పెట్టిన రోజునే ఆమెను కలవండి. టికెట్టు చేతికొచ్చాక వినే తీరిక ఆమెకు ఉండదు. మనం చెప్పే నాలుగు మాటలు ఏజెంటు మాట కంటే ముందు ఆమె చెవిన పడాలి.