సైట్ మనకు ఓపెన్ అవుతుంది, దుబాయ్‌లో అన్నకు కాదు. ఎందుకు?

కూకట్‌పల్లి నుంచి ఇంకో ఎపిసోడ్. మీరు ఎక్కడున్నారో చూసి మిమ్మల్ని ఏ సర్వర్‌కి పంపాలో డీఎన్ఎస్ ఎలా డిసైడ్ చేస్తుందో ఈరోజు చూద్దాం. ముందు నేను చేసిన తప్పుతో మొదలుపెడతా.

జాబ్‌లో చేరిన కొత్తలో ఒక సైట్‌కి అమెజాన్ రూట్ 53లో జియోలొకేషన్ రూటింగ్ పెట్టా. ఇండియాకి ఒక రికార్డు, అమెరికాకి ఒక రికార్డు. రెండు చోట్ల నుంచీ టెస్ట్ చేశాం, సూపర్. ఇంటికొచ్చి హాయిగా పడుకున్నా. పొద్దున లేచేసరికి దుబాయ్‌లో ఉన్న మా పెద్దమ్మ కొడుకు వాయిస్ మెసేజ్: "తమ్మీ, మీ సైట్ ఓపెన్ అయితలేదురా."

సర్వర్లు చూశా. రెండూ బాగానే నడుస్తున్నాయి! మరి ఏమైంది?

ఒక నిమిషం ఆగి, అసలు ఇదంతా ఎందుకో చూద్దాం. ఫైబర్‌లో కాంతి సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు వెళ్తుంది. కూకట్‌పల్లి నుంచి అమెరికాలోని వర్జీనియా దాదాపు 13 వేల కిలోమీటర్లు. పోయి రావడానికి కనీసం 130 మిల్లీసెకన్లు. కేబుల్ తిన్నగా వెళ్లదు కాబట్టి నిజంగా ఇంకా ఎక్కువే. అదే ముంబై అయితే లెక్క ప్రకారం 6 మిల్లీసెకన్లు చాలు. ఒక్క పేజీ తెరుచుకోవడానికి ఇలాంటి ట్రిప్పులు చాలా పడతాయి. అమెజాన్ 2016లో ముంబై రీజియన్, 2022 నవంబర్‌లో మన హైదరాబాద్ రీజియన్ తెరిచింది. కానీ సర్వర్ పక్కనే ఉన్నా, డీఎన్ఎస్ మిమ్మల్ని అక్కడికి పంపకపోతే లాభం లేదు.

మరి మీరు ఎక్కడున్నారో డీఎన్ఎస్‌కి ఎలా తెలుస్తుంది? నిజానికి దానికి మీరు కనపడరు. మీ తరఫున అడిగేది రిజాల్వర్. మీరు కేపీహెచ్‌బీలో ఉండి, దిల్‌సుఖ్‌నగర్‌లో ఉన్న ఫ్రెండ్‌తో ఒక బ్యాంక్‌కి ఫోన్ చేయించి "దగ్గర్లో బ్రాంచ్ ఎక్కడ?" అని అడిగించారనుకోండి. వాళ్లు దిల్‌సుఖ్‌నగర్ బ్రాంచే చెప్తారు కదా! అందుకే కొన్ని రిజాల్వర్లు మీ ఐపీ అడ్రస్‌లో కొంత భాగం కూడా పంపుతాయి. ఇంటి నంబర్ చెప్పకుండా 500072 అని పిన్‌కోడ్ మాత్రం చెప్పినట్టు. గూగుల్ 8.8.8.8 ఇలా పంపుతుంది. క్లౌడ్‌ఫ్లేర్ 1.1.1.1 ప్రైవసీ కోసం పంపదు. ఇక హైటెక్ సిటీలో కూర్చుని, ఆఫీస్ వీపీఎన్ అమెరికా మీదుగా వెళ్తుంటే? ధరలు డాలర్లలో కనిపించినా ఆశ్చర్యపోకండి.

ఇప్పుడు మా అన్న సంగతికి వద్దాం. దుబాయ్ నుంచి ప్రశ్న వచ్చింది. నా లిస్టులో ఇండియా ఉంది, అమెరికా ఉంది, యూఏఈ లేదు. రూట్ 53 "దగ్గర్లో ఏదో ఒకటి ఇద్దాంలే" అనుకోదు. డీఫాల్ట్ రికార్డు లేకపోతే జవాబే ఇవ్వదు. సర్వర్ దాకా రిక్వెస్ట్ రానేలేదు, అందుకే నా లాగ్స్‌లో ఎర్రర్ కూడా లేదు. గల్ఫ్‌లో మనవాళ్లు ఎంతమంది ఉన్నారో తెలిసి కూడా, నా మ్యాప్‌లో వాళ్లకు చోటే పెట్టలేదు. డీఫాల్ట్ రికార్డు పెట్టడానికి రెండు నిమిషాలు పట్టింది. అన్నకు సారీ చెప్పడానికి ఇంకొంచెం ఎక్కువ టైమ్ పట్టింది.

సో, మూడు విషయాలు గుర్తుంచుకోండి.

ఒకటి, డీఫాల్ట్ రికార్డు ముందు పెట్టండి, దేశాలు తర్వాత.

రెండు, స్పీడే కావాలంటే లేటెన్సీ రూటింగ్ వాడండి. భాష, ధర, చట్టం దేశాన్ని బట్టి మారుతుంటేనే జియోలొకేషన్.

మూడు, హెల్త్ చెక్ తగిలించండి. ఇండియా సర్వర్ పడిపోతే ఆసియా రికార్డుకి, అదీ లేకపోతే డీఫాల్ట్‌కి వెళ్తుంది.

మీ సైట్ లైవ్ చేసే ముందు వేరే దేశంలో ఉన్న మీవాళ్లకి ఒక్క లింక్ పంపి చూడండి. టెస్టింగ్ టూల్ చెప్పనిది ఒక్కోసారి అన్న చెప్తాడు. నెక్స్ట్ ఎపిసోడ్‌లో కలుద్దాం, బై!