బస్తాకు ఎంత డీజిలు?

 

ఈరోజు ట్రాక్టరు గురించి నాలుగు మాటలు చెప్పుకుందాం. ట్రాక్టరు ఉన్నది దుక్కికి ఒక్కదానికే కాదు గదా! వెనక ట్రక్కు తగిలించి ధాన్యం తోలుతాం. చెరకు, ఇటుకలు, పెంట ఎరువు తోలుతాం. ట్రక్కును కొందరు తొట్టి అంటారు, కొందరు ట్రాలీ అంటారు. పేరేదైనా బరువు బరువే. ఆ బరువును లాగేది డీజిలు. డీజిలుకు పోసేది మన కష్టార్జితం.

డీజిలు ధర మన చేతిలో లేదు. ఎంత కాలుతుంది అనేది మాత్రం చాలావరకు మన చేతిలోనే ఉంది.

"మా బండి లీటరుకు ఇన్ని కిలోమీటర్లు ఇస్తుంది" అని చెప్పుకుంటాం. బరువు లాగే బండికి ఆ లెక్క చాలదు. ఖాళీ ట్రక్కుతో పోతే కిలోమీటర్లు ఎక్కువే వస్తాయి. కానీ ఒక్క బస్తా కూడా మిల్లుకు చేరదు. అందుకని బస్తాకు ఎంత డీజిలు అయిందో చూసుకోవాలి.

ఒక లెక్క వేద్దాం. 50 బస్తాలు మిల్లుకు తోలి వస్తే 4 లీటర్లు అయిందనుకోండి. అంటే 4,000 మిల్లీలీటర్లు. బస్తాకు 80 మిల్లీలీటర్లు. అదే దారిన 25 బస్తాలే తోలితే 2 లీటర్లతో సరిపోతుందా? సరిపోదు. ట్రాక్టరు తన బరువునూ, ట్రక్కు బరువునూ కూడా లాగాలి గదా! 3 లీటర్లు అయిందనుకుందాం. బస్తాకు 120 మిల్లీలీటర్లు పడింది. సగం ట్రక్కుతో రెండుసార్లు తిరగడం దండగ.

అలాగని మోయలేనంత ఎక్కించకండి. బరువు మరీ ఎక్కువైతే ఎత్తు ఎక్కేటప్పుడు ట్రాక్టరు ముందు చక్రాలు పైకి లేస్తాయి. అప్పుడు స్టీరింగు తిప్పినా బండి తిరగదు. చాలా ట్రక్కులకు బ్రేకులు ఉండవు. దిగేటప్పుడు ఆ బరువంతా ట్రాక్టరును వెనకనుంచి నెడుతుంది.

మరి డీజిలు ఎక్కడ వృథా అవుతుంది?

టైర్లలో గాలి తగ్గితే బండి ఈడ్చుకుంటూ పోతుంది. ట్రక్కు టైర్లు కూడా చూడాలి.

బరువుతో ఎత్తు ఎక్కేటప్పుడు నల్లటి పొగ వస్తే ఇంజను మీద భారం ఎక్కువైందన్నమాట. డీజిలు సరిగా కాలడం లేదు. కింది గేరు వేయాలి. ఖాళీగా తిరిగొచ్చేటప్పుడు పై గేరులో, తక్కువ రేజుతో రావాలి.

ఉరికించి, బ్రేకు తొక్కి, మళ్లీ ఉరికిస్తే డీజిలు పారబోసినట్టే. ఒకే తీరుగా తోలాలి.

మిల్లు ముందు వరుసలో నిలబడి ఇంజను ఆపకపోతే గంటకు సుమారు లీటరు కాలిపోతుంది.

గాలి ఫిల్టరులో దుమ్ము చేరితే ఇంజనుకు ఊపిరాడదు. కోతల రోజుల్లో తరచుగా శుభ్రం చేయాలి.

పైపు దగ్గర సెకనుకు ఒక చుక్క కారినా రోజుకు 86,400 చుక్కలు. అవి లీటర్లు అవుతాయి.

ఒక్క పని మాత్రం ఎన్నడూ చేయకండి. డీజిలు మిగులుతుందని కొందరు దిగుడులో గేరు తీసి న్యూట్రల్లో వదులుతారు. గేరులో ఉంటే ఇంజను బండిని పట్టి ఉంచుతుంది. గేరు తీస్తే ఆ పట్టు పోతుంది. వెనక బరువు నెట్టుకొస్తుంటే బ్రేకు ఆగదు. మిగిలేది చారెడు డీజిలు, పోయేది ప్రాణం.

ఇప్పుడు లెక్క రాసే పద్ధతి చెప్తాను. పొద్దున్నే ట్యాంకు నిండా డీజిలు పోయండి. పని అయ్యాక మళ్లీ నిండా పోయండి. రెండోసారి ఎన్ని లీటర్లు పట్టిందో అంతే ఖర్చయినట్టు. పుస్తకంలో గళ్లు గీయండి. తేదీ, బస్తాలు, దూరం, డీజిలు రాయండి. అదే దారిన బస్తాకు పడే డీజిలు ఒకనాడు పెరిగిందా? గాలి చూడండి, ఫిల్టరు చూడండి, కారుతోందేమో చూడండి.

అక్కలారా! బండి తోలేది మగవాళ్లే కదా అని ఊరుకోకండి. అక్షరం మీకొచ్చు, అంకె మీకొచ్చు. ఆ పుస్తకం మీ చేతిలో ఉంచుకోండి. ఈ కోతల్లో రాయండి. వచ్చే కోతలకు పోల్చి చూడండి. ఎంత మిగిలిందో ఆ పుస్తకమే చెబుతుంది.

సెలవు.