కర్ణపరీక్షయు కాగితపు గరాటును
(సత్తెనపల్లి మహాసభయందుఁ జదివిన యుపన్యాసము)



మన సంఘపు విద్యార్థి వేతనములను గూర్చి మాటలాడుఁడని కార్యవర్గమువారు మమ్ము నాజ్ఞాపించిరి. పెక్కేండ్లు బడిపిల్లల నడుమఁ గడపినవారము గావున, ఒక పిల్లవాని చెవినుండియే ప్రారంభింతుము.

వెనుకబల్లపైఁ గూర్చుండి, పిలిచినఁ బలుకని పిల్లవానిని మందబుద్ధి యని లోకము త్రోసివేయును. పలుమాఱు దోషము బుద్ధియందుండదు. జలుబు చేసిన పిదప కర్ణభేరి వెనుక నీరు నిలిచియుండును. నొప్పి లేకపోవచ్చును, జ్వరము లేకపోవచ్చును. కావునఁ దల్లికిని దెలియదు. వినికిడి మాత్రము తగ్గును. సుశ్రుతుఁడు కర్ణరోగములు 28 అని లెక్కించెను. ఆ లెక్క మాకుఁ గంఠస్థమే గాని, లోపలి నీటిని బయటనుండి కనుఁగొను విద్య మాకెవరును నేర్పలేదు.

అట్టి విద్య నొకదానిని అమెరికాలో సియాటిల్ నగరమందలి వాషింగ్టన్ విశ్వవిద్యాలయమువారు 2019లోఁ బ్రకటించిరి. పరిశోధక విద్యార్థి జస్టిన్ చాన్ ఆ వ్యాసమునకు మొదటి రచయిత. ఆచార్యుఁడు మద్రాసు ఐ.ఐ.టి.లోఁ జదివిన శ్యామ్ గొల్లకోట. ఇంటిపేరు వినఁగానే సభలోఁ గొందఱు చెవులు నిక్కించిరి. ఆయన యే కులమువాఁడో మేము విచారింపలేదు.

పరికరమేమి? చేతిలోని ఫోను, ఒక కాగితపు గరాటు. మామూలు తెల్లకాగితమును నమూనా ప్రకారము కత్తిరించి, చుట్టి, అంటించి, ఫోను అడుగున నమర్చి, కొనను చెవిరంధ్రమునకుఁ జేర్తురు. ఫోను పిచ్చుక కూఁతవంటి చిన్న ధ్వనులను లోపలికిఁ బంపును. అవి కర్ణభేరిని దాఁకి మఱలివచ్చునప్పుడు ఫోనులోని మైకు గ్రహించును. వట్టికుండను, నీళ్లకుండను వ్రేలితోఁ గొట్టి చూడుఁడు. ఆ ధ్వనిభేదము మన యింటి యాఁడువారికిఁ దెలియును. అట్టి భేదమునే ఫోను గణితము చేసి చెప్పును. సియాటిల్ పిల్లల యాసుపత్రిలో 98 చెవులను బరీక్షింపఁగా, నీరున్నవానిలో నూటికి 85, లేనివానిలో నూటికి 82 చొప్పున సరిగాఁ దేల్చెను. తల్లిదండ్రులు పట్టి చూచినను, వైద్యులు చూచినను ఫలితము సమానముగానే యుండెను. నీరుండియు జాఱిపోవునవి నూటికి 15 గలవు. కావున నిది వైద్యునకు బదులు గాదు. ఎవరిని ముందుగా వైద్యునియొద్దకుఁ బంపవలెనో చెప్పు గుఱుతు మాత్రమే.

ఇఁక వేతనముల మాట. మనము మొదటి పట్టమువఱకే యిచ్చుచున్నాము. డాక్టరు పట్టమునకై ఐదాఱేండ్లు ప్రయోగశాలలోఁ గూర్చుండువానిని "ఇంకను జదువేనా? సంపాదన యెప్పుడు?" అని యడుగుదుము. ఆ గరాటు అట్టి చదువునందే పుట్టినది. పత్తి, మిరప ధరలు పడిపోయిన యేఁడు రైతు కొడుకు మొదట మానునదియు నా చదువే. కావున సంఘనిధినుండి యేఁటేఁట నొక వేతనమును బరిశోధక విద్యార్థికి, బాలుఁడైనను బాలికయైనను, పట్టమందువఱకు నీయవలెనని మేము ప్రతిపాదించుచున్నాము. బలపఱచువారు భోజనవిరామమునకు ముందే తమ పేర్లను గార్యదర్శిగారికి వ్రాసి యియ్యఁ గోరెదము.