పలనాటి శిలలు – పట్టణ ప్రదర్శనములు



నేటి ప్రసంగమునకు విషయము ప్రదర్శనశాలలు. ఈ మాట వినగానే ఇది పట్టణవాసుల కాలక్షేపమనియు, నాదెండ్లలోనో గురజాలలోనో వ్యవసాయము చేసికొని బ్రదుకువారికి దీనితో పని లేదనియు కొందఱు తలంపవచ్చును. కాని దూరదేశముల ప్రదర్శనశాలలలో అద్దముల వెనుక దీపకాంతిలో నిలిచియున్న శిలలలో కొన్ని మన పొలముల నుండియు, మన కృష్ణాతీరపు దిబ్బల నుండియు పోయినవే. కావున ఇది మన యింటి విషయమే యని మనవి చేయుచున్నాను.

2023వ సంవత్సరము జూలై 21 మొదలు నవంబరు 13 వఱకు అమెరికాలోని న్యూయార్కు నగరమున మెట్రొపాలిటన్ మ్యూజియమునందు ఒక గొప్ప ప్రదర్శనము జరిగినది. క్రీస్తుపూర్వము 200 మొదలు క్రీస్తుశకము 400 వఱకు గల ఆఱువందల యేండ్ల భారతీయ బౌద్ధశిల్పము దాని విషయము. 125కు పైబడిన వస్తువుల నందు చేర్చిరి. అమరావతి, నాగార్జునకొండ శిల్పములకును, సూర్యాపేట ప్రాంతమందలి ఫణిగిరి శిల్పములకును అందు ప్రముఖస్థానము లభించినది. పిమ్మట ఆ ప్రదర్శనము కొరియా దేశపు రాజధాని సియోలులోని జాతీయ మ్యూజియమునకు తరలి, 2023 డిసెంబరు 22 మొదలు 2024 ఏప్రిల్ 14 వఱకు అచటి ప్రజలకు దర్శనమిచ్చినది.

న్యూయార్కు ప్రదర్శనమునకు వారు పెట్టిన పేరును మన భాషలో 'వృక్షము, సర్పము' అని చెప్పవచ్చును. ఈ రెండును మనకు క్రొత్తవి కావు. రావియు వేపయు జంటగా పెరిగిన అరుగు, ఆ చెట్ల మొదట పసుపు కుంకుమలు పూసిన నాగశిలలు మన యూళ్లలో తఱచుగా కానవచ్చును. నాగులచవితినాడు పుట్టకు పాలు పోయని యిల్లాలు మన సీమలో అరుదు. రెండువేల యేండ్ల క్రిందట స్తూపములను కట్టిన శిల్పులును ఇట్టి జనుల నడుమనే బ్రదికిరి. తొలినాళ్లలో బుద్ధుని మానవరూపమున మలచుట లేదు. బోధివృక్షము, శూన్యాసనము, పాదముద్రలు, ధర్మచక్రము – ఇవియే ఆయన యునికిని తెలుపు గుర్తులు. అమరావతి పలకలపై చెక్కిన చిన్న స్తూపములలో కొన్నిటికి పడగలు విప్పిన నాగులు కాపుండుట కానవచ్చును. క్రొత్త ధర్మము వచ్చినప్పుడు జనుల పాత భక్తి త్రోసివేయబడలేదు. దానికిని ఒక పీట వేయబడినది. మన రచ్చబండ యొద్ది నాగశిల యెంత పాత నమ్మికకు వారసురాలో దీనివలన తెలియుచున్నది.

ఇక ఆ శిల సంగతి. అమరావతి, నాగార్జునకొండ, గోలి స్తూపములకు వాడినది పలనాటి సున్నపురాయి. పాశ్చాత్యులు మొదట దీనిని పాలరాయి యని పిలిచిరిగాని యిది పాలరాయి కాదు. లేత యాకుపచ్చ చాయ గల తెల్లని రాయి. ఉలికి చక్కగా లొంగును, నునుపు దేలును. అందుచేతనే హారములోని పూసను, వస్త్రపు మడతను, ఏనుగు కంటి ముడుతను గూడ శిల్పి విడువక చెక్కగలిగినాడు. కాని యీ రాతికి మఱియొక గుణము కలదు. బట్టీలో వేసి కాల్చినచో సున్నమగును. పిడుగురాళ్ల సున్నపు బట్టీల నెఱిగిన మీకు ఈ సంగతి నేను చెప్పనక్కఱలేదు. ఒక గుణము దానికి కీర్తి తెచ్చినది, మఱియొక గుణము దానికి చేటును తెచ్చినది.

అమరావతిలో జరిగినది చూడుడు. పదునెనిమిదవ శతాబ్ది చివర వాసిరెడ్డి వేంకటాద్రినాయుడుగారు చింతపల్లి విడిచి అమరావతిని రాజధానిగా కట్టించుచుండిరి. కట్టడములకు రాళ్లును ఇటుకలును కావలసి, దీపాలదిన్నె యని పిలువబడుచుండిన మట్టిదిబ్బను పనివారు త్రవ్విరి. చెక్కడపు పలకలు బయటపడెను. 1798 ప్రాంతమున కాలిన్ మెకంజీ వచ్చి చూచెను. 1816లో తిరిగి వచ్చునప్పటికి చాలభాగము చెదరిపోయెను. కొన్ని పలకలు గోడలలో చేరినవి, కొన్ని మెట్లయినవి, కొన్ని సున్నమైనవి. మిగిలినవానికి మెకంజీ చిత్రములు వ్రాయించెను. నేడు నశించిన పలకలలో కొన్నిటి రూపము ఆ చిత్రముల మూలముననే మనకు తెలియుచున్నది.

1845లో వాల్టర్ ఇలియట్ మఱల త్రవ్వించి చాల పలకలను మద్రాసునకు పంపెను. 1859లో వానిలో పెక్కింటిని ఓడలపై లండనునకు చేర్చిరి. అచట వానికి వెంటనే గౌరవము దొరకలేదు. ఒక భవనపు బండ్లకొట్టములో పడియున్న యా పలకలను ఫెర్గూసన్ అను పండితుడు గుర్తించి, 1868లో వానిని గూర్చి పెద్ద గ్రంథమును ప్రకటించెను. ఆ గ్రంథమునకు 'వృక్ష సర్ప పూజ' యను నర్థము వచ్చు పేరుండెను. 2023 ప్రదర్శనము పేరును ఆ మాటలనే తలపించుచున్నది. ఆ పలకలు తరువాత బ్రిటిష్ మ్యూజియమునకు చేరెను. 1992లో వానికి ప్రత్యేకమైన శాల యేర్పడినది. చెన్నైలోని ఎగ్మూరు మ్యూజియమునందు మఱియొక గొప్ప భాగము కలదు. అమరావతిలోనే మిగిలినవి కొన్ని. ఒక్క స్తూపము ఇట్లు పలుచోట్ల పంచబడినది.

ఈ స్తూపమును కట్టినవారు రాజులు మాత్రమే యని తలంపవలదు. పలకలపై దాతల పేర్లు చెక్కబడియున్నవి. వర్తకులు, గృహస్థులు, భిక్షుణులు, స్త్రీలు అందఱును ఇచ్చిరి. విధికుడను చర్మకారుడు తన కుటుంబముతో గూడి పూర్ణకుంభముగల పలకను దానము చేసినట్లు ఒక శాసనము చెప్పుచున్నది. ఆంధ్రప్రదేశ్ రాష్ట్రచిహ్నము నడుమనున్న పూర్ణఘటము ఈ అమరావతి శిల్పసంప్రదాయము నుండి గైకొన్నదే. ఆ గుర్తును మనము ప్రభుత్వపు కాగితములపై చూచునప్పుడెల్ల, చెప్పులు కుట్టి బ్రదికిన యొక దాతనుగూడ స్మరించుట న్యాయము.

పట్టణ ప్రదర్శనశాలలలో రెండు తీరుల ప్రదర్శనములు కలవు. ఒకటి శాశ్వతమైనది, శాలకు చెందిన వస్తువులు ఎల్లప్పుడును అందుండును. రెండవది కొన్ని నెలల ప్రదర్శనము. ఒక విషయమును నిర్ణయించికొని, వేర్వేరు చోట్లనున్న వస్తువులను ఎరువు తెచ్చి ఒకచోట నిలుపుదురు. ఎరువిచ్చునప్పుడు ప్రతి శిల్పమును కొలిచి, ఛాయాచిత్రము తీసి, ఎక్కడ పగులున్నదో ఎక్కడ పెచ్చు లేచినదో వ్రాసికొందురు. మెత్తని పొరలు చుట్టి, కొయ్యపెట్టెలలో బిగించి, కావలి మనుష్యుని తోడిచ్చి పంపుదురు. తిరిగి వచ్చినపుడు ఆ వ్రాతతో సరిచూతురు. పెండ్లికి నగ ఎరువిచ్చిన యింటివారు పడు జాగ్రత్త వంటిదే యిది. ఇంతటి జాగ్రత్తకు నోచుకొనక ముందు ఆ రాయి మన చేలగట్టుననే పడియుండెనని మాత్రము మఱవరాదు.

అట్టి రాతిని మొదట గుర్తించువాడు చాలమాఱు పండితుడు కాడు, ఊరివాడు. 1926లో నాగార్జునకొండ శిథిలములనుగూర్చి శాసనశాఖవారికి తెలిపినవారు సూరపరాజు వేంకటరామయ్యగారను ఉపాధ్యాయులు. ఆ వార్త విని రంగస్వామి సరస్వతిగారు వచ్చి చూచిరి. తరువాత లాంగ్‌హర్స్టు త్రవ్వించెను. ఇక్ష్వాకురాజుల విజయపురి లోకమునకు తెలిసినది. 1954 మొదలు 1960 వఱకు మఱల పెద్దయెత్తున త్రవ్వకములు జరిగెను. లోయ సాగరపు నీటిలో మునుగకముందే శిల్పములను, కొన్ని కట్టడములను కొండపైకి చేర్చిరి. నేడు నీటి నడుమ దీవిగానున్న ఆ కొండపై మ్యూజియము కలదు. ఒక బడిపంతులు నోరు మెదపకున్నచో ఈ పనికి మొదలెప్పుడు పడియుండెడిదో! ఆ 1926లోనే మన రెంటచింతల చేరువనున్న గోలిలో ఫ్రెంచి పండితుడు దుబ్రేయి స్తూపమును కనుగొనెను. తన సర్వస్వమును, తుదకు బిడ్డలనుగూడ దానమిచ్చిన వేశ్వంతర రాజకుమారుని కథ అచటి పలకపై వరుసగా చెక్కబడియున్నది. ఆ పలక చెన్నై మ్యూజియములో కలదు. హరిశ్చంద్రుని కథ విని కంటతడి పెట్టెడి మనవారికి ఆ శిల్పము వ్యాఖ్యానము లేకయే తెలియును.

దీనికి ప్రతిగా మఱియొక కథ వినుడు. దొనకొండ ప్రాంతమున, గుండ్లకమ్మ చెంత, చందవరమున ఒక స్తూపము కలదు. అచటి నుండి భక్తజనుల మూర్తులు గల సున్నపురాతి పలక యొకటి దొంగిలింపబడినది. చేతులు మాఱి మాఱి అది 2005లో ఆస్ట్రేలియా జాతీయ చిత్రశాలకు అమ్మబడినది. 2016లో ఆ చిత్రశాలవారు దానిని భారతదేశమునకు తిరిగి యిచ్చివేసిరి. ఆ పలక చందవరమున నుండగా తీసిన ఛాయాచిత్రమే అది మనదని నిరూపించుటకు తోడ్పడినది. ఆ చిత్రము లేకున్నచో మన వాదము ఎంత బలహీనపడియుండెడిదో మీరే యోచింపుడు.

కావున గ్రామపెద్దలైన మీకు నా మనవి యిది. మీ యూరి గుడిముందరి శాసనస్తంభము, చెఱువుగట్టు మీది వీరగల్లు, చెట్టు క్రింది నాగశిల, పొలములో తేలిన చెక్కడపు ముక్క – వీనిని లెక్క వ్రాసి యుంచుడు. మన పిల్లల చేతులలో నేడు ఫోనులు కలవు. ప్రతిదానికి నాలుగు వైపుల ఛాయాచిత్రములు తీయింపుడు. ఏ తేదీన, ఏ చోట నున్నదో దానితో వ్రాయింపుడు. శాసనముపై సున్నము, రంగు పూయనీయకుడు. గుడి బాగుచేయించునప్పుడు పాత రాతిని గడపక్రింద వేయనీయకుడు. దున్నునప్పుడో పునాది తీయునప్పుడో ఏదేని బయటపడినచో తహసీలు కచేరీ ద్వారా కలెక్టరుగారికి తెలుపుడు. భూమిలో దాగి దొరికిన వస్తువు పది రూపాయల విలువకు మించినచో కలెక్టరునకు తెలుపవలెనని 1878 నాటి నిక్షేపముల చట్టము చెప్పుచున్నది. పురావస్తువులను వ్యక్తులు విదేశములకు పంపరాదని 1972 నాటి చట్టము శాసించుచున్నది. 'ఈ పాతరాయి మీకెందుకు, నాలుగు డబ్బులిత్తును' అని వచ్చు బేరగాని మాట నమ్మకుడు.

వీలైనచో పంటపనులు తీఱినపిదప పిల్లలను వెంటబెట్టుకొని అమరావతికి పొండు. అమరేశ్వరుని దర్శించి, పిమ్మట దీపాలదిన్నెయు, దాని దగ్గఱి మ్యూజియమును చూడుడు. అన్నియు చూడవలెనని తొందరపడక, ఒక్క పలక ముందు కొంతసేపు నిలువుడు. పూలదండను భుజముల మీద మోయుచు సాగిపోవు మూర్తులు కనబడుదురు. కోటప్పకొండ తిరునాళ్లలో ప్రభలను నడపించు మన యువకుల యుత్సాహమే వారి యందును కానవచ్చును. మీకు కనబడినదానిని పిల్లలకు మీ మాటలలో చెప్పుడు.

పట్టణపు ప్రదర్శనము నాలుగు నెలలకు ముగియును. పెట్టెలు మరల సర్దుదురు. ఊరిలోని రాతికి మాత్రము ఏడాది పొడవున కావలి కావలెను. ఆ కావలి మీరు వహింపవలెనని కోరుచు సెలవు తీసికొనుచున్నాను.