కాడి క్రింద ధర్మము

కనుమనాడు ఎద్దుల కొమ్ములకు రంగులు పూసి పూజింతుము. మరునాడు వానినే ముల్లుకర్రతో పొడుతుము. దీనిని గూర్చి మేము నేడు కొంత ముచ్చటింపదలచితిమి.

పరాశరస్మృతి ద్వితీయాధ్యాయమున కృషిధర్మము చెప్పబడినది. ఆకలిగొన్న, దప్పిగొన్న, అలసిన ఎద్దును కాడి కట్టరాదు. పగటిలో సగముసేపే దున్నింపవలెను. ఎనిమిది ఎద్దుల నాగలి ధర్మహలము, ఆరింటిది జీవనార్థము, నాల్గింటిది క్రూరుల పని, రెండింటితోనే దున్నుట వృషభఘాతుకుల పని యట! "స్వామీ, ఈ కరవుసీమలో ఎనిమిదింటిని మేపగల రైతెవ్వడు?" అని మీరడుగుదురు. న్యాయమే. కొత్తచెరువు మెట్టపొలములలో వాన తప్పిన యేట వేరుశనగ కట్టె సైతము కరవు. జత ఎద్దులను నిలుపుకొనుటయే తపస్సు. కాని ముని భావము శ్రమను పంచుట గదా! ఎద్దులు రెండే యైనచో పనివేళ తగ్గింపవలెను. ప్రభుత్వమువారి 1965 నాటి నియమములును, ఎండ 37 డిగ్రీలు దాటు చోట్ల పగలు 12 మొదలు 3 గంటల వరకు బండి పశువులను తోలరాదనియే చెప్పుచున్నవి. మన వైశాఖమున దాటని దినమేది?

ముసలి ఎద్దును సంతకు తోలు బీదరైతును మేము నిందింపజాలము. కడుపు కాలి తోలుచున్నాడు. వామి నిండుగ నుండియు పొరుగువాని పశువునకు మోపెడు గడ్డి నీయని వానినే యడుగవలెను. అభిషేకమునకు పాలిచ్చు దాతలు కొందరు ఈ వేసవికి నాలుగు బండ్ల చొప్పయు, గుడి వాకిట నొక నీళ్ల తొట్టియు సమకూర్పవలెనని మా కోరిక.